గాలిలో జిగురు

పన్నెండూ ఇరవైకి వలాయన నోరు విప్పాడు. గంటసేపు నేనడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పని మనిషి తనే నాకు ఎదురు ప్రశ్న వేశాడు.

"మేడమ్ నా గురించి ఏమన్నారండీ?"

నాలుగు రోజులుగా ఆయన్ని సంస్థ గెస్ట్‌హౌస్‌లో, బయట తాళం వేసిన గదిలో ఉంచారు. గడ్డం మాసిపోయింది గానీ చొక్కా మాత్రం రోజూ తనే ఉతుక్కుంటున్నట్టున్నాడు, కాలరు ఇంకా తడిగా ఉంది. మేడమ్ ఆయన గురించి ఏమన్నదీ నా జేబులోనే ఉంది, మడతపెట్టిన కాగితం మీద మూడు పేరాలు. ఆ మేడమ్ మా అక్క. కింద 'విచారించి ధ్రువీకరించాను' అని నా సంతకం కూడా ఉంది. పొద్దున తొమ్మిదింటికి అక్క బల్ల మీదే, అక్క పెన్నుతోనే పెట్టాను.

"ఆవిడ సంగతి తర్వాత చూద్దాం. ముందు నా ప్రశ్నల సంగతి చూడండి," అన్నాను.

కేసు ఇదీ. ఈ సంస్థ చిన్న శిక్షణ విమానం ఒకటి తయారుచేస్తోంది. రెక్క చుట్టూ గాలి ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే విభాగానికి మా అక్క పెద్ద. ఆ గాలిని లక్షల గడులుగా విడగొట్టి వల అల్లిపెట్టేది ఈయన. ఇరవై రెండేళ్ళుగా అదే పని కాబట్టి అసలు పేరు మర్చిపోయి అందరూ వలాయన అనే పిలుస్తారు. ఐదు వారాల కిందట ఒక మంగళవారం వీళ్ళ లెక్క, గంటకి ఆరు వందల ఇరవై కిలోమీటర్ల దాకా రెక్కకి ఢోకా లేదంది. రెండు వారాల తర్వాత మొదటి విమానం ఐదు వందల అరవై దగ్గరే అదిరి, రెక్క చివర విరిగి, రన్‌వే పక్కన పడింది. పైలట్‌కి ప్రాణం దక్కింది, నడుం దక్కలేదు. లెక్క ఫైలు తెరిచి చూస్తే ఒక అంకె మార్చి ఉంది. మార్చింది వలాయన పేరుతో.

ఆ తర్వాత రెక్క ఆకారం కాస్త మార్చారు, లోపల పట్టీ వేశారు, అక్క కొత్త లెక్క కట్టింది. రెండో విమానం ఇవాళ నాలుగింటికి లేస్తుంది. తప్పు వలాయనదే అయితే భయం లేదు, ఆ చేతిని తీసి పక్కన పెట్టేశాం. వలాయన కాకపోతే ఆ చెయ్యి ఇంకా లెక్కల్లోనే ఉంది, నాలుగింటికి ఎక్కేవాళ్ళ ప్రాణం దాని కింద ఉంది. ఎక్కబోయే పైలట్ అమ్మాయి పొద్దున మెట్ల దగ్గర నన్ను ఆపింది. "డిటెక్టివ్ గారూ, దొంగ దొరికాడటగా, ధైర్యంగా ఎక్కొచ్చా?" అంది. "నిశ్చింతగా ఎక్కమ్మా," అన్నాను, పెద్ద మొనగాడిలా.

సంతకం పెట్టేశాక నిందితుణ్ణి కలవడం నా వృత్తికి సిగ్గుచేటు. ఒప్పుకుంటాను. కానీ అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. ఎక్కాలు నేర్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. అక్క మాట మీద సంతకం పెట్టకపోతే ఇంకెవరి మాట మీద పెడతాను?

"ఆ మంగళవారం ఒంటిగంటా పన్నెండుకి మీ పేరుతో ఫైల్లో జిగురు పెంచారు. పదింతలు. మీరేనా?"

వీళ్ళ భాషలో జిగురంటే, లెక్కలో గాలికి అదనంగా కలిపే చిక్కదనం. చిటికెడు కలపకపోతే లెక్క నిలవదట.

"నేను ఎందుకు పెంచుతానండీ? జిగురు ఎక్కువైతే ఊగాల్సింది ఊగదు."

"ఏం ఊగాలి?"

ఆయన వేలితో బల్ల మీద ఒక గీత గీశాడు, పైనుంచి కిందికి. "లెక్క చుట్లు చుట్లుగా తిరుగుతుందండీ. ఒక్కో చుట్టుకీ తప్పు తగ్గుతూ రావాలి. ఎంత తప్పు మిగిలిందో గీతగా చూపిస్తుంది. గీత దిగిపోతే లెక్క కుదిరినట్టు. ఈ రెక్కకి సగం దాకా దిగి, అక్కణ్ణుంచి ఊగడం మొదలెట్టింది. మా దగ్గర గీత ఊగితే అర్థం ఒక్కటే."

"ఏమిటది?"

"వల బాగా అల్లలేదని. ఎప్పుడు ఊగినా నన్నే తిడతారు. అలవాటైపోయింది లెండి. ఏడుసార్లు విప్పి అల్లాను. ఏడుసార్లూ ఊగింది. అప్పుడు అనుమానమొచ్చింది."

"దేని మీద?"

"గడియారాల మీద." నా మొహం చూసి ఆయన నెమ్మదించాడు. "మేడమ్ పద్ధతిలో ఒక్కో గడికి ఒక్కో గడియారం ఉంటుందండీ. పెద్ద గడి పెద్ద అడుగులు వేస్తుంది, చిన్న గడి చిన్న అడుగులు. అందుకే పన్నెండు గంటల లెక్క గంటన్నర లోపే అయిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు బయల్దేరినా చివరికి బస్టాండులో కలుసుకుంటే చాలు కదా, అలాగ. గాలి ఒకచోట నిలకడగా కుదిరేదైతే ఏ గొడవా లేదు."

"కుదరనిదైతే?"

"బస్టాండే కదులుతున్నట్టు. అందుకని అన్ని గడులకీ ఒకటే గడియారం పెట్టి, పాత పద్ధతిలో, నింపాదిగా నడిపించాను. శనివారం మధ్యాహ్నం మొదలెడితే సోమవారం పొద్దున తేలింది. వేగం పెంచుకుంటూ ఒకసారి, తగ్గించుకుంటూ ఒకసారి కట్టాను కాబట్టి నలభై నాలుగు గంటలు. గీతలో తప్పు లేదండీ. నిజంగా గాలే ఊగుతోంది. రెక్కని సెకనుకి పదకొండుసార్లు అదిరిస్తోంది."

"ఎవరికి చెప్పారు?"

"సోమవారం కాగితం మేడమ్ చేతికిచ్చాను."

"ఏమన్నారు?"

"ఎనిమిదో వల అల్లమన్నారు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఆయన మీదే మండింది. ఈ కాగితం ఊసు అక్క నాతో ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. మర్చిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

"మంగళవారం ఒంటిగంటకి మీరెక్కడున్నారు?"

"పన్నెండూ ఇరవై ఐదుకి ఎనిమిదో వల మీద లెక్క మొదలెట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పక్క వీధే. కళ్ళలో చుక్కలు వేశాడు. ఒంటిగంటకి తిరిగొచ్చానుగానీ అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి. పక్క గదిలో పడుకోమంటే పడుకున్నాను. కంప్యూటర్ తెరిచే ఉంది."

"ఎవరు పడుకోమన్నారు?"

వలాయన నేల చూపులు చూశాడు. "మేడమ్ అలాంటి మనిషి కాదండీ," అన్నాడు.

నేను మేడమ్ పేరెత్తలేదు.

*

వరండాలోనే ఎదురయ్యాడు మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు, ప్రభుత్వం తరఫున ఈ ప్రమాదానికి విచారణాధికారి. ఒకప్పుడు ఒక రౌండు వేయించమని నా స్కూటర్ వెంట పడి తిరిగేవాడు. ఇప్పుడు గది కనబడితే చాలు, లక్క కరిగించి ముద్ర వేసేస్తాడు.

"ఏం బావా, సంతకం పెట్టేసి ఇప్పుడు విచారిస్తున్నావా? మా ఆఫీసులో ముందు విచారించి తర్వాత పెడతాం."

"విమానం రికార్డరు రిపోర్టు ఎవరెవరు చూశార్రా?"

"నేను, మా డైరెక్టరు, నిపుణురాలిగా మీ అక్కగారు. సీలు వేసి బీరువాలో పెట్టాను. ఎందుకు?"

"రెక్క సెకనుకి ఎన్నిసార్లు అదిరిందో అందులో ఉందా?"

"ఉంది. నీకు చెప్పను."

"పదకొండు."

వాడి నవ్వు కాస్త తగ్గింది. "నీకెవరు చెప్పారు?"

"నువ్వు తాళం వేసిన మనిషి. విమానం పడటానికి పదిహేను రోజుల ముందే లెక్కగట్టాడట. నీ బీరువా తెరవకుండానే చెప్పాడు."

వాడు నా భుజం తట్టాడు. "భేష్ బావా! అయితే ఇంకా ఘోరం. రెక్క అదురుతుందని తెలిసి కూడా జిగురు పోసి గీత దించాడన్నమాట. కేసు గట్టిపడింది."

"దాచినవాడు నాకెందుకు చెబుతాడురా?"

"నాలుగు రోజులు తాళం వేస్తే నేనైనా చెబుతాను."

"వెటకారాలు ఆపు. ఇవాళ విమానం లేవనివ్వకు."

"కారణం?"

"అనుమానం."

"అనుమానానికి మా దగ్గర ఫారం లేదు. అసలు ఇవాళ ఐదు వందల దగ్గర ఆపేద్దామనుకున్నాం. నీ సంతకం వచ్చింది కదా, దొంగా దొరికాడు, కొత్త లెక్కలో హద్దు ఆరు వందలుంది, ఐదు వందల అరవై దాకా తీసుకెళ్ళమని పైలట్‌కిచ్చే కార్డు మార్చాను. ఇందాకే. అది నా అధికారం, ఎవర్నీ అడగక్కర్లేదు."

"నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను.

వాడు వెంటనే ఫైలు అట్ట మీద తెల్ల కాగితం పెట్టి అందించాడు. పని విషయంలో మాత్రం వాణ్ణి తప్పుపట్టలేం. "రాసివ్వు. వలాయన కాదని రాయి, మరెవరో రాయి. ఇప్పుడే ఫోన్ చేసి ఆపించేస్తాను."

పెన్ను తీశాను. రాయాల్సిన పేరు ఒక్కటే. ఆ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. చిన్నప్పుడు నా పుస్తకాల అట్టల మీద నా పేరు రాసిపెట్టిన మనిషి పేరు అది.

"మిషన్ గది చూసి వస్తాను," అన్నాను.

"నాలుగు దాకా టైముంది. చూసిరా. అక్కడి పుస్తకం సీలు విప్పితే మాత్రం మళ్ళీ నువ్వే వెయ్యాలి."

రాసి ఉంటే అప్పుడే ఆగిపోయేది. ఒంటిగంటా ముప్పై ఐదుకి ఆగిపోయేది.

*

లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్ ఉండే మిషన్ గదిలో చలి ఎముకలు కొరికేస్తోంది. ఆపరేటరమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చుంది. పాతికేళ్ళ సర్వీసు. ఎవరు ఏ లెక్క ఎప్పుడు మొదలెట్టారో, ఎప్పుడు ముగించారో మిషన్ దాచుకుంటుంది, ఆవిడ దాన్ని మళ్ళీ చేత్తో పుస్తకంలోకి ఎక్కిస్తుంది. మిషన్‌ని నమ్మదట.

సీలు విప్పించి మంగళవారం పేజీ తీయించాను. నాలుగు వరసలు ఉన్నాయి. పన్నెండూ ఇరవై ఐదు: ఎనిమిదో వల, మొదలు. ఒంటిగంటా పన్నెండు: మూడువేల చుట్ల దగ్గర ఆగింది. ఒంటిగంటా పధ్నాలుగు: మూడువేల ఒకటో చుట్టు నుంచి మళ్ళీ మొదలు. ఒంటిగంటా నలభై ఎనిమిది: పూర్తయింది. నాలుగు వరసలకీ వలాయన పేరే ఉంది. ఆ మధ్యాహ్నం రెండు గంటలకే అక్క సంస్థ పెద్దల ముందు లెక్క చూపించింది.

"ఆ రెండు నిమిషాల్లోనే జిగురు మార్చారు," అన్నాను. "లెక్కని ఆపి, మార్చి, ఆగినచోటి నుంచే నడిపించారు. మీ దగ్గర ఇది మామూలేనా?"

"మామూలా? ఆగినచోటి నుంచి నడిపించడమా?" ఆవిడ పకపకా నవ్వింది. "అయ్యా, ఆపాలంటే మేమందరం దాని పీక నొక్కేస్తాం. అంతే, చచ్చూరుకుంటుంది. మళ్ళీ ఒకటో చుట్టు నుంచి మొదలెట్టాల్సిందే. వలాయన గారు ఈ పుస్తకంలో నూట నలభైసార్లు పీక నొక్కారు. మధ్యలోంచి మొదలెట్టింది ఒక్కటి చూపించండి, ఈ స్వెట్టరు మీకిచ్చేస్తాను."

"ఇదిగో ఇక్కడుంది."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వరస మీద వేలు పెట్టింది. నవ్వు పోయింది. "ఇదేంటిది... ఇది మేడమ్ చేసే పని కదా."

"అంటే?"

"ఈ ప్రోగ్రామ్ మేడమ్ రాసిందే కదండీ. ఆవిడ ఎక్కడో ఒక ఖాళీ ఫైలు పెడతారు. దాన్ని చూడగానే మిషన్ చేస్తున్న చుట్టు పూర్తిచేసి, అంతా భద్రంగా దాచుకుని, బుద్ధిగా ఆగుతుంది. మాకూ నేర్పండి మేడమ్ అంటే, 'నేర్పితే అస్తమానం ఆపుతూనే ఉంటారు, పనెప్పుడు చేస్తారు' అంటారు."

"ఇంకెవరికీ తెలియదా?"

"ఆవిడకి తప్ప..." అని ఆగిపోయింది. చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. నేను ఎవరి తమ్ముణ్ణో అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఆవిడకి.

మొదటి నుంచి మొదలెడితే రెండింటి లోపల పూర్తవదు. అందుకే మధ్యలోంచి నడిపించారు. తొందరలో చేసిన పని. కళ్ళు కనబడని మనిషి చేయలేడు, కళ్ళు కనబడినా వలాయనకి చేతకాదు.

"మా బావమరిది ఈ పేజీ చూడలేదా?"

"చూశారు. ఎవరి పేరుందో చూసి సీలు వేశారు."

పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చాను. రెండూ ఇరవై. అక్క గది నాలుగు మలుపుల అవతల ఉంది. తిన్నగా కంట్రోల్ రూముకి వెళ్ళాల్సింది. అక్క గదికే వెళ్ళాను, ఎప్పట్లాగే.

*

"భోంచేశావా తమ్ముడూ?" అంది అక్క, తల ఎత్తకుండానే.

పుస్తకం ఆమె ముందు తెరిచి పెట్టాను. "పీక నొక్కకుండా ఆపడం నాకూ నేర్పించక్కా."

అక్క ఆ పేజీ చూసింది. కళ్ళజోడు తీసి తుడిచింది, మళ్ళీ పెట్టుకోలేదు. అది అబద్ధమంటుందేమోనని ఎదురుచూశాను. కనీసం నన్ను తిట్టినా బాగుండు.

"నేనే మార్చాను," అంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ముప్పై ఏళ్ళురా. ముప్పై ఏళ్ళలో గీత ఊగిన ప్రతిసారీ వల తప్పే అయింది. పిల్లలకి నేను నేర్పే మొదటి పాఠం అదే. ఈ ఒక్కసారి కాదని ఎలా అనుకుంటాను? రెండింటికి అందరూ వచ్చేస్తున్నారు. వాడేమో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. వాడి కంప్యూటరే తెరిచి ఉంది, నా గదికి వచ్చే టైము లేక అక్కడే కూర్చుని మార్చేశాను. తర్వాత తీరిగ్గా సరిచేద్దాం అనుకున్నాను. కుట్ర కాదురా."

"మరి అతన్ని లోపల వేయించడం?"

"అది కుట్రే."

అంత మామూలుగా అంది.

"రికార్డరులో పదకొండు అని చూసినప్పుడే నాకు చెమటలు పట్టాయి. సోమవారం వాడు ఇచ్చిన కాగితం మీదా పదకొండే. ఎక్కడెక్కడివాళ్ళో ఫోన్ చేసి నన్నడుగుతారు, గీత ఊగుతోంది, ఏం చెయ్యమంటారని. అందరికీ తప్పు చెప్పానని ఏ మొహంతో చెప్పను?"

"నన్నెందుకు పిలిచావు? మా బావమరిది ఒక్కడు చాలడా?"

"వాడు సంస్థవాళ్ళు చెప్పినట్టల్లా వింటాడని అందరూ అంటారు. బయటి మనిషి సంతకం ఉండాలి."

"డిటెక్టివ్‌లు బోలెడంతమంది ఉన్నారు."

"వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు," అంది అక్క. "నువ్వు నన్ను అడగవు కదా."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. యాభై దాటినవాణ్ణి, నా వృత్తిలో నన్ను చూసి వణికినవాళ్ళున్నారు, మా అక్క ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఆమె నా వైపు నీళ్ళ గ్లాసు జరిపింది. దాన్ని ముట్టుకోలేదు.

పుస్తకం మూసి అడిగాను, "కొత్త రెక్క లెక్కలో జిగురుందా?"

"లేదు."

"ఆరు వందలు నిజమేనా?"

"నిజమేరా. నీ మీద ఒట్టు."

మళ్ళీ నమ్మాను. ఇంత జరిగాక కూడా నమ్మాను, పాడు అలవాటు. పాత రెక్క విషయంలో తప్పు చేసింది, కొత్తది సరిగ్గా కట్టింది, ఎక్కే అమ్మాయికి ప్రమాదం లేదు. మిగతాది వలాయన కాళ్ళు పట్టుకుని సర్దుకోవచ్చు అనుకున్నాను.

కిటికీ అద్దాలు గడగడలాడాయి. పైన ఇంజన్ చప్పుడు. గోడ గడియారం రెండూ యాభై రెండు చూపిస్తోంది.

"నాలుగింటికి కదా?" అన్నాను.

"సాయంత్రం గాలి పెరుగుతుందట. ముందే లేపుతున్నామని ఇందాక ఫోన్ చేశారు," అంది అక్క. గొంతులో ఏ తొందరా లేదు.

"పోనీలే. ఐదు వందల అరవైకేగా వెళ్ళేది. నీ ఆరు వందలకి ఇంకా నలభై ఉంది."

అక్క మొహంలో రంగు మారడం చూశాను. "ఐదు వందల అరవై ఏమిటి? కార్డులో ఐదు వందలే కదా!"

"మార్చారు. నా సంతకం చూసి."

కుర్చీ వెనక్కి పడింది. చెప్పులు బల్ల కిందే వదిలేసి అరవై రెండేళ్ళ మా అక్క నాకంటే ముందు మెట్లు దిగింది.

*

కంట్రోల్ రూములో బావమరిది మైకు ముందు కూర్చుని ఉన్నాడు. అక్క వాణ్ణి పక్కకి తోసి మైకు లాక్కుంది.

"అమ్మాయ్, నేను లెక్కల మేడమ్‌ని. ఎంతలో ఉన్నావు?"

"ఐదు వందల ఐదు, మేడమ్. పెంచుతున్నాను." ఆ అమ్మాయి గొంతు హుషారుగా ఉంది.

"పెంచొద్దు! ఐదు వందల పన్నెండు దాటొద్దు. అక్కడ మొదలవుతుంది. ముందు కుడి రెక్క చివర పట్టుకుంటుంది. ముక్కు పైకెత్తకు, ఎత్తితే ఎక్కువవుతుంది."

అక్క చేతిలో కాగితం లేదు. కళ్ళజోడు కూడా లేదు. ఐదు వందల పది అనలేదు, పదిహేను అనలేదు. పన్నెండు అంది. ఏ రెక్క, ఏ చివర, అన్నీ నోటికి వచ్చు. ఇది పాత రెక్క లెక్క కాదు.

"ఎప్పట్నుంచి తెలుసక్కా?" అన్నాను.

మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు చూడకుండా చెప్పింది. "కొత్త రెక్క బొమ్మలు వచ్చిన వారానికే. వాడిలాగే ఒకటే గడియారం పెట్టి కట్టాను, ఎవరికీ తెలియకుండా. ఇవాళ ఐదు వందలు దాటరనుకున్నాను. ఈలోగా ఏదో ఒకటి చేసి రెక్క మార్పిద్దామని... పన్నెండు మిగులుతుంది కదా అనుకున్నాను."

ఐదు నిమిషాల కింద నా మీద ఒట్టు వేసింది. నన్ను పిలవకముందే ఆమెకి అన్నీ తెలుసు. పొద్దున నా చేతికి పెన్ను ఇచ్చినప్పుడూ తెలుసు. 'చేతివాటం మనిషి అతను, నీకు తెలియదు తమ్ముడూ' అంటూ వలాయన గురించి చెప్పినప్పుడూ తెలుసు. నేను ఇంక ఏడవలేదు. లోపల ఏదో తెగిపోయి ఖాళీగా ఉంది.

స్పీకర్లో గరగరలాడింది. "మే-డమ్... ఐదు వందల ఇర-వై దాటింది. ఆ-పేలోపే... అదురు-తోంది. కుడి వై-పే..." ఒక్కో మాటా ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"వేగం తగ్గించు! నెమ్మదిగా!"

"తగ్గిం-చాను. ఐదు వందల ఐ-దు. ఆగడం లే-దు. ఎక్కడ ఆగు-తుంది మేడమ్? ఎంతకి దించా-లి?"

అక్క నోరు తెరిచింది. మూసుకుంది. అదురు మొదలయ్యే వేగం వేరు, ఆగే వేగం వేరని ఆమె మొహం చూస్తేనే అర్థమైంది నాకు.

"మేడ-మ్?"

"అది నేను కట్టలేదమ్మా," అంది అక్క. గదిలో ఉన్న తొమ్మిదిమందీ విన్నారు, పైనున్న అమ్మాయీ విన్నది. "నేను పైకి వెళ్ళే లెక్క ఒక్కటే కట్టాను. పైకీ కిందికీ రెండూ కట్టిన మనిషి ఒక్కడే. పాత రెక్కదైనా ఆ దారి అతనికే తెలుసు. అతన్ని అబద్ధం చెప్పి లోపల వేయించింది నేనే."

బావమరిది మొహం తెల్లబోయింది. ఫోన్ వైపు చూశాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఆ గదిలో ఫోన్ పీకించేశాను బావా. తాళం ఇదొక్కటే." జేబులోంచి తీసి నా చేతిలో కుక్కాడు.

గెస్ట్‌హౌస్ దాకా పరుగెత్తినా ఐదు నిమిషాలు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాను.

"రెక్క ఎంతసేపు తట్టుకుంటుందక్కా?"

అక్క ఈసారి నా కళ్ళలోకి చూసింది.

"మూడు నిమిషాలు," అంది.